అప్‌డేట్: నమీబియా వెళ్లొచ్చాం

అమ్మానాన్నలతో నమీబియా వెళ్తే కారు మనమే నడుపుకోవచ్చా, పెద్దవాళ్లు తిరగలేకపోతే జంతువులు కనిపిస్తాయా అని అడిగాను కదా. రెండిటికీ జవాబు అవుననే.

అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. కాకపోతే ఊరు దాటితే ఎక్కువగా కంకర రోడ్లే, మలుపుల్లో స్పీడు తగ్గించకపోతే బండి జారుతుంది. పెట్రోల్ బంకు కనిపించినప్పుడల్లా ట్యాంకు నింపేయండి.

ఎటోషా నేషనల్ పార్కులో, ఇక్కడ మీరు చెప్పినట్టే తిరుగుడు తగ్గించి, ఒకాకుయో క్యాంపులోని నీటిగుంట దగ్గర కూర్చున్నాం. రాత్రిళ్లు కూడా లైట్లుంటాయి. ఎండాకాలంలా నీళ్లు తక్కువగా ఉండే రోజులు కావడంతో ఏనుగులు, జిరాఫీలు వాటంతటవే వచ్చాయి. నల్ల ఖడ్గమృగం వచ్చినప్పుడు నాన్న ఫోన్ తీయడం కూడా మర్చిపోయారు!

ఎడారి ఇసుక దిబ్బల మధ్య ఎండిపోయిన మడుగు డెడ్‌వ్లే. అక్కడ చెట్లు చచ్చిపోయి వందల ఏళ్లయినా, గాలిలో తేమ లేక కుళ్లకుండా నల్లగా నిలబడే ఉన్నాయి. అక్కడికి చివరి 5 కిలోమీటర్లు ఇసుకే. మామూలు కారైతే ఆపేసి షటిల్ ఎక్కాల్సిందే.

హింబా అనే స్థానిక తెగవాళ్ల పల్లెకి స్థానిక గైడుతోనే వెళ్లాం. ఆడవాళ్లు ఎర్రమట్టి, వెన్న కలిపి ఒంటికి పూసుకుంటారు. అడక్కుండా మొహం మీదికి కెమెరా పెట్టే టూరిస్టులని చూస్తే మాత్రం ఒళ్లు మండింది.

డబ్బు సంగతి అడిగినవాళ్లకి: దక్షిణాఫ్రికా ర్యాండ్ కూడా చెల్లుతుంది, విలువ నమీబియా డాలరుతో సమానం.