వానలకు బిళ్లగన్నేరు మొదలు కుళ్లుతోంది: మట్టి మార్చాలా, చోటు మార్చాలా?

బెంగళూరులో తూర్పు బాల్కనీ, పొద్దున నాలుగు గంటల పాటు ఎండ. మార్చిలో 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో బిళ్లగన్నేరు, పెటూనియా, కాశీతుమ్మ నాటాను. ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరిపొట్టు) రెండు, వర్మీకంపోస్ట్ ఒకటి, కుండీకి గుప్పెడు వేపపిండి.

ఏప్రిల్ దాకా విరగబూశాయి. మే వానలు మొదలయ్యాక బిళ్లగన్నేరు కాండం మట్టిని తాకే చోట నల్లబడి, తడి మట్టిలోనే మొక్క వాడిపోతోంది. పీకి చూస్తే వేళ్లు గోధుమరంగులో మెత్తగా ఉన్నాయి, పట్టుకుంటే పైతొక్క ఊడొస్తోంది. కాబట్టి ఇది నీరు చాలక వాడడం కాదు, వేరుకుళ్లే. కాశీతుమ్మ మాత్రం నిక్షేపంగా ఉంది.

అడుగు పళ్లేలు తీసేశాను, కుండీలను ఇటుకల మీదకెక్కించాను. కోకోపీట్‌ను ఒక పాలుకు తగ్గించి ముతక ఇసుక ఒక పాలు కలపాలనుకుంటున్నాను. పెర్లైట్ (తేలికపాటి తెల్లని రాతి గుళికలు) అంతకన్నా మెరుగా? బతికున్న వాటికి మట్టిలో ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం) కలిపితే ఇప్పుడు పనిచేస్తుందా, లేక అది నాటేముందే వేయాల్సిందా? చచ్చిన కుండీల మట్టిని ఎండబెట్టి మళ్లీ వాడొచ్చా? పెటూనియాలను జల్లు పడని గోడవారకు జరిపితే ఎండ రోజుకు రెండు గంటలే దొరుకుతుంది, పూత నిలుస్తుందా?

ముసురు రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుంటే కనబడే పూలు ఇవే. దయచేసి చెప్పండి.