కన్సల్టెన్సీ ద్వారా ఆన్‌లైన్ ఎంబీఏలో చేరుతున్నాం, ఫీజు ఎవరి పేరున కట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. మా చెల్లె బీకాం చేసి హన్మకొండలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ చూస్తుంది. ఉద్యోగం మానకుండా ఎంబీఏ చేయాలని దాని కోరిక. నయీంనగర్ వైపు ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, వేరే రాష్ట్రంలో ఉన్న యూనివర్సిటీతో తమకు టై-అప్ ఉందని, ఆన్‌లైన్ ఎంబీఏ ఇప్పిస్తామని, పరీక్షల సంగతి కూడా తామే చూసుకుంటామని చెప్పారు. రెండేళ్ళకు 70 వేలు. అడ్వాన్సు 10 వేలు ఓనర్ ఫోన్ నంబరుకే యూపీఐ చేశాం. రసీదు కన్సల్టెన్సీ పేరు మీద ఇచ్చారు. టెన్త్, ఇంటర్ మెమోలు, డిగ్రీ ప్రొవిజనల్ ఒరిజినల్స్ తీసుకున్నారు. సోమవారం ఇంకో 25 వేలు కట్టాలట. అవి నాన్న పత్తి అమ్మిన పైసలు, అందుకే టెన్షన్‌గా ఉంది. కాలేజీలు, యూనివర్సిటీల తరఫున ఇట్లా బయటివాళ్ళు అడ్మిషన్లు చేయొచ్చా? దీనికి గవర్నమెంటు రూల్ ఏమన్నా ఉందా?

మొదటి జవాబు:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు రేపు పొద్దున్నే వెళ్ళి ఒరిజినల్స్ తెచ్చుకోండి. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) 2018లోనే కాలేజీలకు, యూనివర్సిటీలకు చెప్పింది. కాలేజీకే లేని హక్కు కన్సల్టెన్సీకి ఎక్కడిది? ఒక్కరే పోకండి, ఇంట్లో పెద్దవాళ్ళను తోడు తీసుకెళ్ళండి.

రెండో జవాబు:

నేను చాలా ఏళ్ళు దూరవిద్య అడ్మిషన్ల ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యాను. ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చే పిల్లలను చూసీచూసీ ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

రూల్ ఉంది. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల మీద యూజీసీ 2020 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఈ కోర్సులను ఫ్రాంచైజీకి, అంటే యూనివర్సిటీ పేరుతో బయటివాళ్ళు నడుపుకోవడానికి, ఇవ్వడం నిషేధం. ఆన్‌లైన్‌లో చదువు చెప్పే కొన్ని ఎడ్‌టెక్ కంపెనీలు యూనివర్సిటీల పేరుతో డిగ్రీలు ఇప్పిస్తామని ప్రకటనలు వేస్తుంటే, 2022 జనవరిలో యూజీసీ మళ్ళీ హెచ్చరిక జారీ చేసింది. ఫ్రాంచైజీ ఒప్పందం చెల్లదని, బాధ్యత మొత్తం యూనివర్సిటీదేనని అందులో ఉంది. పాఠాలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్ లాంటివి బయటి కంపెనీ దగ్గర తీసుకోవడం వేరు. అడ్మిషన్ ఇవ్వడం, పరీక్ష పెట్టడం, డిగ్రీ ఇవ్వడం మాత్రం యూనివర్సిటీ ఇంకొకరి చేతిలో పెట్టకూడదు. 'పరీక్షల సంగతి మేమే చూసుకుంటాం' అని వాళ్ళు అన్నారన్నారు కదా, నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ మాటే.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి. యూజీసీ పట్టు యూనివర్సిటీ మీద ఉంటుంది, నయీంనగర్‌లో బోర్డు పెట్టుకున్నాయన మీద ఉండదు. యూనివర్సిటీ తప్పు చేస్తే కోర్సుకు అనుమతి ఆపగలరు. మధ్యలో ఉన్న మనిషి ఆఫీసు ఎత్తేసి వెళ్ళిపోతే యూజీసీకి రాసి లాభం లేదు. 1956 నాటి యూజీసీ చట్టంలో, హక్కు లేకుండా డిగ్రీలు ఇచ్చేవాళ్ళకు పెట్టిన జరిమానా కూడా గరిష్ఠంగా 1,000 రూపాయలే. ఆ చట్టం ఇలాంటి దళారీలను ఊహించి రాసింది కాదు. అందుకే మీ చెల్లెకు, యూనివర్సిటీకి మధ్య నేరుగా సంబంధం ఉందా లేదా అన్నదే చూడండి. అది తెలిసేది రసీదు మీద ఉన్న పేరుతోనే. ఫీజు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే కట్టాలి, రసీదు యూనివర్సిటీ పేరున రావాలి. ఇంకెవరి ఖాతాలో పడినా అది ఫీజు కిందికి రాదు.

యూనివర్సిటీ అసలుదే అయితే యూజీసీ దూరవిద్య బ్యూరో సైటులో దాని పేరు ఉంటుంది. పేరు ఒక్కటే చూసి ఆగకండి. ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో కూడా చూడాలి. బీబీఏకు అనుమతి ఉండి ఎంబీఏకు లేకపోవచ్చు. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థీ డెబ్ ఐడీ (ఆ బ్యూరో సైటులో విద్యార్థికి వచ్చే నంబరు) తీసుకోవాలి. దానికి ముందు డిజీలాకర్‌తో ఏబీసీ ఐడీ (చదువులో వచ్చిన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) కావాలి. ఇది మీ చెల్లె తన ఫోన్‌తో తనే చేసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఇదంతా ఎందుకంటే, దెబ్బ తగిలాక సర్దుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు, 2001-05 మధ్య చేరినవాళ్ళ డిగ్రీలను సస్పెండ్ చేసి, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. అప్పటికి వాళ్ళలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు, పెళ్ళిళ్ళయి పిల్లలున్నారు. మళ్ళీ పుస్తకాలు పట్టాల్సి వచ్చింది.

మూడో జవాబు:

పై సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఇంకొకటి. 'ఇప్పుడేం కట్టొద్దు, నెలకు మూడు వేలే' అని ఈఎంఐ మాట తెస్తే, అది ఫీజు వాయిదా కాదు, మీ చెల్లె పేరున అప్పు. మా తమ్ముడు కరీంనగర్‌లో అట్లనే ఫోన్‌లో ఓకే కొట్టి, కోర్సు మానేసినా అప్పు కడుతూనే ఉన్నాడు. రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం ఆన్‌లైన్ అప్పులకు వెనక్కి తగ్గే గడువు ఒకటి ఇవ్వాలి. ఆ గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కడితే పెనాల్టీ ఉండదు. మావాడికి అది తెలిసేసరికే గడువు దాటింది.

నాలుగో జవాబు:

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అక్కడా ఇదే గొడవ అని చెప్తుంటాడు. విద్యార్థిని చేర్పించినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వొద్దని అక్కడ 1992లోనే చట్టం చేశారు. 2011లో విద్యాశాఖ ఒక సడలింపు ఇచ్చింది. చేర్పించడంతో పాటు మిగతా సేవలు కూడా కలిపి ఇచ్చే కంపెనీ ఫీజులో వాటా తీసుకోవచ్చని. దాంతో ఆన్‌లైన్ కోర్సులు నడిపే కంపెనీలు బాగా పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలను కూడా ప్రభుత్వ నిఘా కిందికి తెస్తామంటే యూనివర్సిటీలే అడ్డం చెప్పాయి, అమలు వాయిదా పడింది. చేర్పిస్తేనే డబ్బు వచ్చే మనిషి మన పిల్లకు ఆ కోర్సు సరిపోదని ఎందుకు చెప్తాడు?

ప్రశ్న అడిగిన వ్యక్తి:

అందరికీ దండాలు. పొద్దున మా మేనమామతో వెళ్ళి ఒరిజినల్స్ తెచ్చుకున్నాం. మొదట 'యూనివర్సిటీకి పంపించాం' అన్నారు. పంపిన కొరియర్ స్లిప్పు చూపించమంటే బీరువాలోంచే తీశారు. యూనివర్సిటీ సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, చెల్లె పేరుతో దరఖాస్తు ఉంది కానీ ఫీజు ఒక్క రూపాయి కూడా పడలేదని చెప్పారు. దరఖాస్తులో మొబైల్, ఈమెయిల్ రెండూ కన్సల్టెన్సీవే. కోర్సుకు మాత్రం అనుమతి ఉంది, బ్యూరో సైటులో చూశాం. సైటులో ఫీజు కూడా మాకు చెప్పినదానికంటే తక్కువే. ఇప్పుడు ఆ 10 వేలు ఎట్లా రాబట్టాలి?

రెండో జవాబు ఇచ్చిన వ్యక్తి:

ఒరిజినల్స్ చేతికొచ్చాయి, నా మనసు కుదుటపడింది. యూనివర్సిటీకి ఈరోజే ఈమెయిల్ పెట్టండి. ఆ దరఖాస్తు మీరు నింపింది కాదని, ఆ నంబరు మీది కాదని రాసి, దాన్ని రద్దు చేయించండి. ఆ తర్వాత చెల్లె సొంత నంబరుతో కొత్తగా అప్లై చేయాలి.

డబ్బుకు ముందు కన్సల్టెన్సీకి వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో మాట్లాడితే రుజువు ఉండదు. యూపీఐ స్క్రీన్‌షాట్, రసీదు ఫొటో అదే మెసేజ్‌లో పెట్టి వారం గడువు ఇవ్వండి. ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వాటికి ఫిర్యాదు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వేయొచ్చు. యూనివర్సిటీ ఇచ్చే జవాబు దాచిపెట్టుకోండి, 'ఫీజు పడలేదు' అన్న ఆ ఒక్క వాక్యమే మీకు గట్టి సాక్ష్యం.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

సార్, మెసేజ్ పెట్టిన రెండో రోజుకే 8 వేలు వాపస్ వేశారు. 'ప్రాసెసింగ్' అని 2 వేలు పట్టుకున్నారు. వాటికోసం 1915కు చేశాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. చెల్లె నిన్న రాత్రి తనే కూర్చుని డెబ్ ఐడీ చేసుకుంది. మొదటి సెమిస్టర్ ఫీజు యూనివర్సిటీ సైటులోనే కట్టాం, రసీదు మీద యూనివర్సిటీ పేరే ఉంది. నాన్న ఆ రసీదు ప్రింట్ తీయించుకుని పట్టా పాస్‌బుక్‌లో పెట్టుకున్నాడు.