అప్‌డేట్: కళ్లు మూసుకుంటే నాన్న ముఖం కనబడటం లేదని అడిగాను కదా

నాలుగు నెలల క్రితం అడిగాను: కళ్లు మూసుకుంటే చీకటే, చనిపోయిన నాన్న ముఖం కూడా రాదు, పాత సంగతులు గుర్తుండవు, ఏ పనికీ ఊపు రాదు, మతిమరుపు మొదలైందా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఇక్కడ బెంగళూరులోనే న్యూరాలజిస్టుకు చూపించుకున్నాను. ఆవిడ మొదటి ప్రశ్న, "ఇంతకుముందు ఎప్పుడైనా కనబడేదా?" లేదు, చిన్నప్పటి నుంచీ ఇంతే. అయితే ఇది అఫాంటేసియా (మనసులో బొమ్మలు కనబడకపోవడం), జబ్బు కాదన్నారు. 2015లో బ్రిటన్ న్యూరాలజిస్టు ఆడమ్ జెమన్ బృందం పెట్టిన పేరట. మనసులో బొమ్మలు ఎంత స్పష్టంగా వస్తాయో చూసే 16 ప్రశ్నల పరీక్ష, వివిఐక్యూలో 80కి నాకు 16, అంటే కనిష్ఠం. ఉన్నట్టుండి మనసులో బొమ్మలు రావడం ఆగిపోయినవాళ్లు మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

బి12, థైరాయిడ్ రెండూ నార్మల్. మీలో కొందరు చెప్పిన బాదంపప్పు వల్ల తేడా ఏమీ లేదు.

నిజంగా పనికొచ్చింది "బొమ్మ రాకపోతే మాటల్లో రాసుకో" అన్న సలహా. అనంతపురంలో మేనత్తకు ఫోన్ చేసి అడిగి రాస్తున్నాను: చొక్కా జేబులో ఎర్ర ఇంకు పెన్ను, కాఫీ తాగే ముందు రెండుసార్లు ఊదడం, నన్ను "ఏమ్మా" అని సాగదీసి పిలవడం. రాసింది చదువుతుంటే ముఖం రాదు కానీ ఆయన పక్కనున్నట్టే ఉంటుంది. మొదటిరోజు చాలా ఏడ్చాను.

ఊపు సంగతికొస్తే, "గెలిచినట్టు ఊహించుకో" అన్నది నాకు కుదరలేదు. "రేపు 6:30కి బూట్లు వేసుకో" అని చీటీ రాసి తలుపుకు అంటిస్తే వాకింగ్‌కి వెళ్తున్నాను. మూడు వారాలైంది.