నైట్ షిఫ్టు, నిద్ర గమ్మీలు మొదలయ్యాక హార్మోన్ రిపోర్ట్ తారుమారైంది. కారణం నిద్రా, గమ్మీలా?

నైట్‌డ్యూటీ_మాధవి అడిగారు:

నా వయసు 36. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని చాలా ఏళ్లుగా లెవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు వేసుకుంటున్నాను. డోసు మార్చాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఈమధ్య నైట్ షిఫ్టుకి మార్చారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా డ్యూటీ. ఇంటికొచ్చి పడుకుంటే మూడు నాలుగు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. జుట్టు కూడా బాగా ఊడుతోంది.

అందుకని పడుకునే ముందు నిద్ర గమ్మీ ఒకటి తీసుకోవడం మొదలుపెట్టాను. మెలటోనిన్ 5 మిల్లీగ్రాములు, అశ్వగంధ అని లేబుల్ మీద ఉంది. దాంతోపాటు మెగ్నీషియం మాత్ర. థైరాయిడ్ మాత్ర ఇదివరకు పొద్దున లేవగానే వేసుకునేదాన్ని. ఇప్పుడు నాకు పొద్దున ఎప్పుడో నాకే తెలియట్లేదు కాబట్టి అది కూడా వీటితో కలిపి ఒకేసారి మింగేస్తున్నాను. జుట్టు కోసం బయోటిన్ 10 మిల్లీగ్రాములు. అది డ్యూటీలో తెల్లవారుజామున నాలుగింటప్పుడు ఏదైనా తిన్నాక వేసుకుంటాను.

మొన్న డ్యూటీ దిగి నేరుగా వెళ్లి ఏడింటికి రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుందట) 0.08, అంటే బాగా తక్కువ. ఫ్రీ టీ4, అంటే రక్తంలోని థైరాయిడ్ హార్మోన్, రేంజ్ కంటే ఎక్కువ. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా పైగీత దాటింది. థైరాయిడ్ డోసు 50కి తగ్గించమని డాక్టర్ అన్నారు. కానీ నాకు గుండె దడ లేదు, చేతులు వణకవు, బరువు తగ్గలేదు. పైగా ఒంట్లో చలిగా, మందంగా ఉంటోంది, మలబద్ధకం ఒకటి. నిద్ర చెడిపోతే హార్మోన్లు ఇంతగా మారతాయా? లేక ఆ గమ్మీల పనా? మెలటోనినే ఒక హార్మోన్ అట, బయటి నుంచి తీసుకుంటే శరీరం సొంతంగా తయారు చేయడం మానేస్తుందని తమ్ముడు భయపెడుతున్నాడు. అదీ చెప్పండి.

ప్రశాంత_నిద్ర:

టెన్షన్ పడకండి అండి. మెలటోనిన్ ఒంట్లో ఉండేదే, సహజం. 5 సరిపోకపోతే 10 తీసుకోండి. నేను 10 తీసుకుంటాను, మొద్దు నిద్ర.

శాంపిల్‌రూమ్:

మాధవి గారూ, నేను చాలాకాలంగా ల్యాబ్‌లో హార్మోన్ పరీక్షల యంత్రం దగ్గరే పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు, మందు సంగతి మీ డాక్టరే తేల్చాలి. కానీ ఆ మూడు అంకెలు చదవగానే నాకు అనుమానం వచ్చింది గమ్మీ మీద కాదు, జుట్టు మాత్ర మీద.

మొదట నిద్ర సంగతి. టీఎస్‌హెచ్ సాయంత్రం నుంచి పెరుగుతూ అర్ధరాత్రి దాటాక బాగా పైకి వెళ్తుంది. నిద్రపోతే ఆ పెరుగుదలకి కొంత కళ్లెం పడుతుంది. రాత్రంతా మేలుకుంటే ఆ కళ్లెం ఉండదు, ఇంకాస్త ఎక్కువే కనబడాలి. మీరు రాత్రంతా మేలుకుని ఏడింటికి ఇచ్చారు. అంటే నిద్రలేమి మీ అంకెను పైకి నెట్టాలి గానీ 0.08కి దించకూడదు. కాబట్టి ఈ రిపోర్ట్‌కి నిద్రను దోషిని చేయలేం.

ఇక బయోటిన్. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది దాదాపు 30 మైక్రోగ్రాములు. మీరు తీసుకుంటున్నది 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. విటమినే కాబట్టి ఒంటికి పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు, ఇబ్బంది పడేది మా యంత్రం. చాలా రకాల హార్మోన్ పరీక్షల్లో బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంటను జిగురులా వాడతారు. మీ రక్తంలో బయోటిన్ పొంగిపొర్లుతుంటే అది ఆ జిగురు స్థలాలను ముందే ఆక్రమించేస్తుంది. అప్పుడు టీఎస్‌హెచ్ లాంటి పరీక్షల్లో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఫ్రీ టీ4, కార్టిసాల్ లాంటివి వేరే పద్ధతిలో చేస్తారు, వాటిలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ కిందికి, టీ4 పైకి, కార్టిసాల్ పైకి. మీ రిపోర్ట్‌లో మూడూ అటే నడిచాయి చూడండి. నాలుగింటికి మింగి ఏడింటికి రక్తం ఇచ్చారు, అంటే బయోటిన్ ఇంకా బాగా ఉన్న సమయంలోనే.

ఇది ఊహ కాదు. 2017లో ఆరుగురు ఆరోగ్యవంతులకి వారం పాటు రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఇచ్చి చూశారు. ఒక యంత్రంలో టీఎస్‌హెచ్ 94 శాతం తగ్గినట్టు చూపించింది, బయోటిన్ వాడని పద్ధతుల్లో అలా జరగలేదు. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్ష బయోటిన్ వల్ల తప్పుగా తక్కువ చూపించిన సందర్భంలో ఒకరు చనిపోయారని అందులో ఉంది. అయినా మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బయోటిన్ సంగతి చెప్పరు. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదంటారు, విటమిన్ మాత్ర మందు కిందికి రాదని వాళ్ల లెక్క. అడిగే మేము కూడా గొణిగేసి సూది గుచ్చేస్తాం, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. మీరు థైరాయిడ్ మాత్రను మెగ్నీషియంతో కలిపి మింగుతున్నారు. మెగ్నీషియం, కాల్షియం, ఐరన్ లెవోథైరాక్సిన్‌ని పేగుల్లోనే పట్టుకుని రక్తంలోకి సరిగా వెళ్లనివ్వవు. మధ్యలో నాలుగు గంటలు ఎడం ఉండాలంటారు. అంటే మందు మీకు పూర్తిగా అందట్లేదేమో. చలి, మందకొడితనం, మలబద్ధకం చూస్తే థైరాయిడ్ నిజానికి తక్కువైనట్టుంది, రిపోర్టేమో ఎక్కువైందంటోంది. ఈ పరిస్థితిలో డోసు తగ్గిస్తే తప్పు దిక్కుకి వెళ్లినట్టే కావొచ్చు.

అశ్వగంధను కూడా వదిలేయలేం. అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను నిజంగానే పెంచుతుంది, థైరాయిడ్ మందు వాడేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని చెప్పేది అందుకే. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కాబట్టి బయోటిన్ ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే అంకెలు మామూలైతే తప్పు యంత్రానిది. అప్పుడూ టీఎస్‌హెచ్ అడుగునే ఉంటే అశ్వగంధ, డోసు గురించి ఆలోచించాలి.

డాక్టర్‌కి ఫోన్ చేసి బయోటిన్ సంగతి చెప్పండి. డోసు మార్చేముందు మళ్లీ పరీక్ష చేయించవచ్చా అని అడగండి. బయోటిన్ కనీసం రెండు రోజులు ఆపాలన్నది మామూలు సలహా, ఇంత డోసుకి ఇంకో రోజు ఎక్కువ ఆపినా నష్టం లేదు. ల్యాబ్‌కి కూడా ఫోన్ చేసి టీఎస్‌హెచ్ యంత్రం బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పద్ధతిదేనా అని అడగండి. అన్ని యంత్రాలూ అలాంటివి కావు.

గడియారం_77:

పైన ఆయన రిపోర్ట్ సంగతి బాగా విప్పి చెప్పారు. నేను చాలా ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసినదాన్ని, మెలటోనిన్ సంగతి నేను చెబుతాను.

ప్రశాంత_నిద్ర గారూ, డోసు పెంచితే నిద్ర పెరుగుతుందనేది పొరపాటు. మెలటోనిన్ నిద్రమాత్ర కాదు, 'చీకటి పడింది' అని శరీరానికి చెప్పే కబురు. దాన్ని గట్టిగా అరిచి చెప్పాల్సిన పనిలేదు. 0.3 మిల్లీగ్రాములతోనే రక్తంలో మెలటోనిన్ రాత్రిపూట సహజంగా ఉండేంత స్థాయికి చేరుతుంది. 10 అంటే దానికి ముప్ఫై రెట్లకు పైనే. పైగా లేబుల్ మీద రాసినంతే లోపల ఉందన్న నమ్మకం లేదు. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 లేబుళ్లు తప్పని తేలింది. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు. అంతకుముందు కెనడాలో కొన్న 31 రకాలను చూస్తే పావు వంతుకి పైగా వాటిలో సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనం కూడా కలిసి ఉంది.

మాధవి గారూ, మీ తమ్ముడి భయం గురించి. కొద్ది వారాలు వాడినవాళ్లలో సొంత మెలటోనిన్ తయారీ ఆగిపోయినట్టు పరీక్షల్లో కనబడలేదు. దానికంటే తిండితో దాని లంకె నాకు ముఖ్యంగా తోస్తుంది. 2014లో 21 మంది ఆడవాళ్లకి 5 మిల్లీగ్రాములు ఇచ్చి గ్లూకోజ్ తాగిస్తే, పొద్దునైనా సాయంత్రమైనా చక్కెర మామూలుకంటే ఎక్కువగా పెరిగింది. అందుకని డ్యూటీ నుంచి వచ్చి కడుపు నిండా తిని వెంటనే గమ్మీ వేసుకోకండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మెలటోనిన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది, కెఫీన్ తీసుకున్నా అంతే.

నిజానికి మీ మెలటోనిన్‌కి అసలు శత్రువు ఇంటికొచ్చే దారిలో కళ్లలో పడే ఎండ. నేను నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చేదాన్ని, చూసినవాళ్లు నవ్వుకునేవారు. గదికి దట్టమైన కర్టెన్లు వేశాను. డ్యూటీలో చివరి సగంలో కాఫీ మానేశాను, ఎందుకంటే కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. ఈ మూడూ గమ్మీకంటే ఎక్కువ పనిచేశాయి. కార్టిసాల్ గడియారం మాత్రం అంత తొందరగా లొంగదు. రాత్రి డ్యూటీలు ఎన్నేళ్లు చేసినా చాలామందికి అది పూర్తిగా తిరగబడదు. 'ఉదయం కార్టిసాల్' రేంజ్ రాత్రి పడుకుని పొద్దున లేచేవాళ్ల కోసం పెట్టింది, డ్యూటీ దిగి ఇచ్చిన శాంపిల్‌ని దాంతో పోల్చి కంగారు పడకండి.

రాత్రిపక్షి:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు 29, మగవాణ్ణి. రోజూ ఐదు గంటలే పడుకుంటున్నాను. టెస్టోస్టెరాన్ పెరుగుతుందని జింక్, మెగ్నీషియం కలిపిన నిద్ర క్యాప్సూల్స్ అమ్ముతున్నారు, పనిచేస్తాయా?

శాంపిల్‌రూమ్:

ఒంట్లో జింక్ తక్కువగా ఉంటే తప్ప వాటితో టెస్టోస్టెరాన్ పెరగదండి. 2011లో పదిమంది కుర్రవాళ్లని వారం పాటు ఐదు గంటలే పడుకోనిచ్చి చూస్తే పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. మీరూ అంతే పడుకుంటున్నారు. ముందు ఆ గంటలు పెంచండి. గురక బాగా ఉండి పగలు తూగుతుంటే మాత్రం స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిఆగి రావడం) ఉందేమో చూపించుకోండి, దానివల్ల కూడా తగ్గుతుంది. పరీక్ష చేయించుకోవాలంటే సరిగ్గా నిద్రపోయి లేచిన పొద్దునే రండి.

నైట్‌డ్యూటీ_మాధవి:

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మొదట తీసినవాళ్లకి నా ప్రశ్నే అర్థం కాలేదు, తర్వాత లోపల ఎవరినో అడిగి బయోటిన్ పద్ధతిదే అన్నారు. డాక్టర్‌కి అదే చెబితే డోసు 75లోనే ఉంచి, బయోటిన్, అశ్వగంధ గమ్మీ రెండూ ఆపి వచ్చే వారం మళ్లీ చేయించమన్నారు. ఒక సందేహం. థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకోను? డ్యూటీ నుంచి వచ్చి తిన్నాకే నిద్రపోతాను.

శాంపిల్‌రూమ్:

ఖాళీ కడుపు ముఖ్యం, గడియారం కాదు. పడుకునే ముందు వేసుకున్నా బాగా పనిచేస్తుందని 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలనలో తేలింది, కానీ అది కూడా తిండికి చాలాసేపటి తర్వాత. మీరు తిని వెంటనే పడుకుంటారు కాబట్టి మధ్యాహ్నం లేవగానే వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి ఏదైనా తినడం సులువనుకుంటా. మెగ్నీషియం పొద్దున పడుకునేముందు వేసుకుంటే మధ్యలో నాలుగు గంటలు దాటుతుంది. డాక్టర్‌కి ఒకమాట చెప్పి మార్చండి. ఇంకోటి, రక్తం ఇచ్చే రోజు శాంపిల్ ఇచ్చాకే మాత్ర వేసుకోండి. వేసుకున్న కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 కాస్త ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్ ఇచ్చిన టైము, అంతకుముందు ఎప్పుడు నిద్రలేచారో రిక్వెస్ట్ కాగితం మీద రాయించండి. రిపోర్ట్ వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి.