రన్నింగ్ షూస్: కొత్త మోడల్ కొనాలా, పాతదాని ధర తగ్గేదాకా ఆగాలా?

మాది అనంతపురం. మా తమ్ముడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాడు. యాడ్స్ చూసి కార్బన్ ప్లేట్ షూసే (సోల్ లోపల గట్టి కార్బన్ పలక ఉండేవి) కావాలని పట్టుబట్టాడు. ఈ కంపెనీల పద్ధతి ముందు రికార్డు, వెనకాలే అమ్మకం. 2023 బెర్లిన్ మారథాన్‌లో ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా 2:11:53తో అప్పటి మహిళల ప్రపంచ రికార్డు కొట్టిన అడిడాస్ షూ 138 గ్రాములే. ధర 500 డాలర్లు, మొదట అమ్మకానికి పెట్టింది 521 జతలు! అదీ ఒక్క మారథాన్‌కి సరిపడేదని కంపెనీయే చెప్పింది. మనవాడేమో రోజూ మట్టి గ్రౌండ్‌లో పరిగెత్తాలి.

కొత్త వెర్షన్ వచ్చాక పాతదాని ధర మామూలుగా ఎన్నాళ్లకు తగ్గుతుంది? 1600 మీటర్లకు ప్లేట్ వల్ల నిజంగా లాభముందా, మామూలు ట్రెయినింగ్ షూస్ చాలా? వేసుకుని చూసి కొనే షాపు ఇక్కడ ఉందా, బెంగళూరు పోవాల్సిందేనా? వాడినవాళ్లు చెప్పండి.