అప్‌డేట్: తెలుగు సంఘం వృద్ధుల భోజనాలకు సిటీ గ్రాంటు

అమెరికాలో మా తెలుగు సంఘం పెట్టే వృద్ధుల మధ్యాహ్న భోజనాలకు సిటీ నిధులు అడగొచ్చా అని ఇంతకుముందు అడిగాను. అడగొచ్చు. దారి సీడీబీజీ, అంటే 1974 చట్టం కింద ఫెడరల్ గృహనిర్మాణ శాఖ నగరాలకిచ్చే బ్లాక్ గ్రాంటు. అందులో సేవా కార్యక్రమాలకు 15 శాతమే పరిమితి, అందుకే పోటీ గట్టిగా ఉంటుంది.

సేవ వృద్ధులకే పరిమితమైతే తక్కువ ఆదాయ వర్గంగానే లెక్కేస్తారు, మామూలుగా ఒక్కొక్కరి ఆదాయ పత్రాలు అక్కర్లేదు. అన్ని వయసులవాళ్లనూ చేర్చుకుంటే కనీసం 51 శాతం మంది ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటదని చూపాలి. పూజ, భజన ఖర్చులు ఈ డబ్బులో కలపకూడదు.

అసలు చిక్కు డబ్బు చేతికొచ్చే తీరులో ఉంది. చాలా నగరాల్లో ముందు మనం ఖర్చుపెట్టాలి, తర్వాత తిరిగిస్తారు. బిల్లు, చెక్కు నకలు, వంటవాళ్లు సంతకం చేసిన టైమ్‌షీటు జతచేయాలి. సిటీతో ఒప్పందం తేదీకి ముందు కొన్నది బియ్యం బస్తా అయినా, ఆ డబ్బు సాధారణంగా తిరిగివ్వరు. నా మాటగా చెప్తున్నా, మూడు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా దిగకండి.

ఈ గ్రాంటుకు యూఈఐ నంబరు, అంటే ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలకిచ్చే గుర్తింపు సంఖ్య, కావాలి. అది శామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, డబ్బడిగేవాళ్లను నమ్మొద్దు. సంఘం పేరు, చిరునామా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే ఇవ్వండి. తేడా ఉంటే ధ్రువీకరణ దగ్గరే ఆగిపోతుంది.