బైనరీ ట్రీ తిప్పలేకపోతే ఇంజినీరు కాడా?

ఆన్‌కాల్_బాధితుడు:
11 ఏళ్లుగా సర్వర్లతో కుస్తీ పడుతున్నాను. పోయినవారం ఒక పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ. గ్రాఫ్ (గీతలతో కలిపిన చుక్కల వల లాంటిది) ప్రశ్న, 45 నిమిషాలు. బీఎఫ్ఎస్ (దగ్గరి చుక్కలతో మొదలుపెట్టి వరసగా దూరం వెళ్లే పద్ధతి) అని వెంటనే తట్టింది. కానీ నోడుని, అంటే ఒక్కో చుక్కని, క్యూలో (చూడాల్సినవాటి వరసలో) వేసేటప్పుడే విజిటెడ్ (చూసేశాం) అని మార్క్ చేయాల్సింది, బయటికి తీసేటప్పుడు చేశాను. ఒకే నోడు మళ్లీమళ్లీ క్యూలోకి వస్తోంది. అప్పుడే అటువైపు నుంచి కీబోర్డు టకటక మొదలైంది. ఇక బుర్ర పనిచేస్తే ఒట్టు! మామూలుగా రెండు నిమిషాల్లో పట్టేసే బగ్గు అది.

రిజెక్ట్. హోమ్‌బ్రూ (మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసే టూల్) రాసిన మాక్స్ హోవెల్‌కీ 2015లో ఇదే గతి. మా ఇంజినీర్లు నీ సాఫ్ట్‌వేరే వాడతారు గానీ వైట్‌బోర్డు మీద బైనరీ ట్రీ (రెండేసి కొమ్మలుగా చీలే డేటా అమరిక) కుడిఎడమలు తిప్పలేవు, వెళ్లిరా అని గూగుల్ తనను పంపేసిందని ట్విట్టర్‌లో వాపోయాడు. ఈ పరీక్షలు దేన్ని కొలుస్తున్నట్టు?

బల్లకి_అటువైపు:
ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఆ టకటక మీ తప్పుల చిట్టా కాదండీ. మీరన్నది అన్నట్టు నోట్సులోకి ఎక్కించాలి. గూగుల్ లాంటి చోట్ల ఆ నోట్సు చూసి తేల్చేది కమిటీ, వాళ్లు మీ మొహం కూడా చూసి ఉండరు. నేను రాయనిది జరగనట్టే లెక్క.

ఇక రిజెక్ట్ సంగతి. పనికిరానివాణ్ణి తీసుకుంటే టీమంతా ఏడాదిపాటు మోయాలి. మంచివాణ్ణి వదులుకుంటే? లైన్లో ఇంకొకరుంటారు. అన్యాయమే, కాదనను.

సెమికోలన్:
అన్యాయం సరే, కొలత సరైనదేనా? 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థుల్ని పరీక్షించారు. కొందరు ఎదురుగా మనిషిని పెట్టుకుని పైకి చెబుతూ కోడ్ రాశారు, కొందరు గదిలో ఒంటరిగా. మనిషి చూస్తుంటే పనితీరు సగానికి పైగా పడిపోయింది. చూస్తుండగా రాసిన అమ్మాయిల్లో ఒక్కరూ నెగ్గలేదు, ఒంటరిగా రాసిన అమ్మాయిలంతా నెగ్గారు. మీరు కొలుస్తున్నది కంగారుని సార్.

బల్లకి_అటువైపు:
48 మందే, అదీ విద్యార్థులు. దాంతో అంత దూరం పోకండి. సగానికి అన్నది మాత్రం గుచ్చుకుంది.

టేక్‌హోమ్_వద్దు:
ఇప్పుడు ఎవరో ఒకరు "ఇంటికి అసైన్‌మెంట్ ఇస్తే పోలా" అంటారు, అందుకే ముందే వచ్చా. "నాలుగు గంటల పనే" అని పంపిస్తారు. కోడ్‌తో పాటు టెస్టులు, రీడ్‌మీ, డాకర్ అంటూ శని, ఆదివారాలు రెండూ గోవిందా. చంటిపిల్ల ఉన్న నాలాంటి దానికి 45 నిమిషాల నరకమే నయం. పైగా ఇప్పుడు ఆ కోడ్ రాసింది మనిషో ఏఐయో ఎవరు తేల్చాలి? కనీసం ఒక రౌండు ముఖాముఖి పెడతామని 2025లో సుందర్ పిచాయే అన్నారు. తిరిగి తిరిగి ఆ వైట్‌బోర్డు దగ్గరికే వచ్చాం.

ఆన్‌కాల్_బాధితుడు:
నా గొడవ వైట్‌బోర్డుతో కాదని ఇప్పుడు అనిపిస్తోంది. "టైప్ చేస్తుంటాను, అది నోట్సు, పట్టించుకోకండి" అని మొదట్లో ఒక్క ముక్క అని ఉంటే ఆ బగ్గు దొరికేదేమో. బల్ల గారూ, మీరు చెప్తారా ఆ ముక్క?

బల్లకి_అటువైపు:
ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదండీ. గురువారం ఒక ఇంటర్వ్యూ ఉంది, చెప్పి చూస్తాను.